చెరువు పూడిక, మోరి పూడిక

రాయలసీమ నీళ్ళ చరిత్ర అనగానే మన చరిత్రకారులకు చెరువులు గుర్తుకొస్తాయి. చెరువు కట్టించిన రాజు, కాలువ తవ్వించిన అధికారి, తూము నిలబెట్టిన పనివాడు - వీళ్ళ చుట్టూనే ఆ చరిత్ర తిరుగుతుంది. ఊళ్ళోకి నీళ్ళు ఎట్లా వచ్చాయన్నది బాగానే రాశారు. వాడుకున్న నీళ్ళు ఊళ్ళోంచి ఎట్లా బయటికి పోయాయి, వానకు కొట్టుకొచ్చిన మట్టీ చెత్తా ఎవరి చేతుల మీదుగా పోయాయి అని మాత్రం అడిగినవాళ్ళు తక్కువ. ఇది మరుపు వల్ల జరిగింది కాదు. చెరువు తవ్వించడం పుణ్యకార్యం కాబట్టి దానికి శాసనం వేయించారు. మోరి తీయడం అంటరానివాడి పని కాబట్టి దాన్ని కాగితం మీద కూడా పెట్టలేదు.

నల్లమాడ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో మండల కేంద్రం. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉండేది. పాత కదిరి తాలూకా 1910లో కడప జిల్లా నుంచి అనంతపురానికి మారింది. పక్కనే బుక్కపట్నం చెరువు, కింద ధర్మవరం చెరువు, రెండింటికీ చిత్రావతి నీళ్ళే ఆధారం. నైరుతి వైపు పెనుకొండ, ఆ పైన హిందూపురం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మామూలు సంవత్సరం అనుకునే నేల ఇది. ఇంత తక్కువ వాన పడేచోట మురుగు కాలువ సమస్య ఏముంటుంది అనిపించవచ్చు. సమస్య ఎక్కువయ్యేది ఇట్లాంటి చోటే. దాని సంగతి కింద చూద్దాం. ముందు శాసనాల దగ్గరికి పోదాం.

పెనుకొండకు పెన్న నీళ్ళు తీసుకురమ్మని విజయనగర రాకుమారుడు ప్రతాప బుక్కరాయలు సింగాయభట్టుకు ఆజ్ఞ ఇచ్చిన సంగతి 1388 నాటి శాసనంలో ఉంది. సింగాయభట్టు జలసూత్రం తెలిసినవాడు, అంటే ఈనాటి మాటల్లో ఇంజనీరు. శిరువేర చెరువు దాకా కాలువ తీయించి దానికి రాకుమారుడి పేరే పెట్టాడు. కాలువకు రాజు పేరు, శాసనంలో భట్టు పేరు. తవ్వినవాళ్ళ పేర్లు లేవు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం (1369) ఇంకొంచెం నయం. రెండేళ్ళపాటు రోజుకు 1000 మంది కూలీలు, 100 బండ్లు పనిచేశాయని చెబుతుంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను కూడా చెబుతుంది. వాటిలో రాజు ఉన్నాడు, జలశాస్త్రం చదివిన బ్రాహ్మణుడు ఉన్నాడు, కట్టే పనివాళ్ళూ ఉన్నారు. కట్టిన తర్వాత ఏటేటా పూడిక ఎత్తేవాళ్ళు, తూము దగ్గర రాత్రీ పగలూ కాపలా ఉండేవాళ్ళు ఆ లెక్కలోకి రాలేదు. కట్టడం ఒకసారి జరిగే పని, దానికి కీర్తి ఉంది. బాగోగులు చూసుకోవడం రోజూ జరిగే పని, దానికి కీర్తి లేదు. ఈ తేడా చెరువుతోనే మొదలైంది.

ఆ రోజువారీ పని చేసినవాడు నీరుగంటి. రాయలసీమలోనూ పక్కనున్న కోలారు ప్రాంతంలోనూ నీరుగంట్లు ఎక్కువగా మాల మాదిగలే. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎన్ని గడియలు నీళ్ళు పెట్టాలి, వానాకాలంలో కట్ట ఎక్కడ చెమ్మ పట్టింది, మరవ పారే ముందు ఏ కంప తీసేయాలి - ఇదంతా అతని చదువు. చివరి ఆయకట్టు రైతుకు నీళ్ళు అందాయా లేదా అని తీర్పు చెప్పేది కూడా అతనే. కళ్ళంలో మేర గింజలు, కొన్ని ఊళ్ళలో కాస్త ఇనాం భూమి అతని జీతం. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం నీరుగంటిని కరణం, తోటి, వెట్టి, తలారిలతో పాటు గ్రామోద్యోగుల జాబితాలో రాసింది. అంటరానివాడు తాకిన తూము నుంచి వచ్చిన నీళ్ళతో పండిన వడ్లు అందరూ తిన్నారు. ఆ నీళ్ళు మైలపడలేదు. అదే మనిషి ఊరి బావి దగ్గరికి వస్తే బావి మైలపడింది. మైల అనేది నీళ్ళలో ఉండే గుణం కాదని, ఎవరికి ఎప్పుడు అవసరమో అప్పుడు పుట్టించేదని దీన్ని బట్టే తెలుస్తుంది.

కంపెనీ సర్కారు కూడా ఈ ఏర్పాటును కదిలించలేదు, చట్టం చేసింది. 1858 నాటి మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం ప్రకారం చెరువుకట్టకో ఏటిగట్టుకో గండి పడే ప్రమాదం వస్తే గ్రామాధికారి చుట్టుపక్కల మగవాళ్ళను పనికి పిలిపించవచ్చు. అయితే ఎవరిని? శ్రమ చేసే వర్గాలవాళ్ళను అని చట్టంలోనే ఉంది. గండి పడితే పోయేది భూములున్నవాళ్ళ పంట. కట్ట మీదికి రావాల్సింది భూమి లేనివాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పూడిక అంటే ఏమిటి? వానకు కొట్టుకొచ్చి నీళ్ళు నిలిచినచోట అడుగున దిగిన మట్టి. చెరువులో దిగితే అది చెరువు మట్టి. ఎండాకాలంలో రైతులు బండ్లు కట్టుకొని, ఇప్పుడైతే ట్రాక్టర్లు పెట్టుకొని తోలుకుపోతారు, చేనుకు బలమంటారు. మోరిలో దిగేది కూడా అదే వీధి మట్టి, అదే ఎర్రనేల, కాస్త సంగటి మెతుకులూ బూడిదా కలిసి ఉంటుంది. చెరువు పూడిక తీయడానికి అన్ని కులాలవాళ్ళూ వస్తారు. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఈ అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకం కింద చెరువుల్లో పూడిక తీసేటప్పుడు కురుబ, బోయ, బలిజ, మాల, మాదిగ అందరూ తట్ట ఎత్తారు, కొన్నిచోట్ల రెడ్ల ఆడవాళ్ళు కూడా ఎత్తారు. కులాల మధ్య దూరం పోయిందని కాదు, పనికి మాత్రం వచ్చారు. అదే ఊళ్ళో మోరి పూడిక తీయాలంటే ఆ నూరు మందిలో ఎవరూ పార పట్టరు. మాదిగవాడకు కబురు పోతుంది. మట్టి ఒకటే, పారా ఒకటే, వంగే నడుమూ ఒకటే. కూలికి అసహ్యం లేదు, మురికికి అసహ్యం ఉంది అంటారేమో. పశువుల కొట్టంలో పేడ ఎత్తేటప్పుడు ఆ అసహ్యం ఎక్కడికి పోయింది?

మోరి అసలు ఈ ఊళ్ళలో పాత వస్తువు కాదు. పాతకాలపు మిద్దె ఇంట్లో వాడే నీళ్ళు తక్కువ. బావి నుంచి చేది, కడవతో మోసుకొచ్చిన నీళ్ళను ఎవరూ పారబోసుకోరు. బియ్యం కడిగిన నీళ్ళూ గంజీ కుడితి తొట్టిలోకి పోయి పశువుల కడుపులో చేరేవి. స్నానానికీ బోకులు తోమడానికీ పెరట్లో జాలాడి ఉండేది. ఆ నీళ్ళు పెరట్లోనే అరటిచెట్టుకో కరివేపాకు చెట్టుకో పారేవి, లేదా దిబ్బలో ఇంకిపోయేవి. వాన పడితే మిద్దె మీది నీళ్ళు దోనె గుండా వీధిలో పడి వంక దారి పట్టేవి. ఇది స్వర్గం అని చెప్పడం లేదు. ఆ కడవలు మోసింది ఆడవాళ్ళు, ఆ పెరళ్ళు ఉన్నది ఊళ్ళోవాళ్ళకు. వాడలో ఒకే అర ఇంటికి పెరడు ఎక్కడిది? మురుగునీళ్ళు పెరడున్నవాడికి చెట్టుకు పెట్టే నీళ్ళు, పెరడు లేనివాడికి వాకిట్లో బురద.

1990ల మధ్యలో లెక్క మారింది. పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు చేపట్టిన తాగునీటి పథకం జిల్లాలో 700కు పైగా ఊళ్ళకు కుళాయి నీళ్ళు ఇచ్చింది. ఫ్లోరైడు నీళ్ళు తాగిన జిల్లాకు అది చిన్న మేలు కాదు. ప్రభుత్వ పథకాలూ తోడయ్యాయి. కుళాయి వీధి చివర నుంచి ఇంటి ముందుకు వచ్చింది. అయితే వచ్చిన నీళ్ళు ఎక్కడికి పోవాలో ఎవరూ ఆలోచించలేదు. ఆ తర్వాత సిమెంటు రోడ్లు వచ్చాయి. పాత రోడ్డు గీకకుండా దాని మీదే కొత్త రోడ్డు పోస్తారు, ఏ పదేళ్ళకో ఇంకో పొర వేస్తారు. రోడ్డు పైకి లేస్తుంది, ఇంటి గడప కిందికి పోతుంది. పక్కన కాలువ కట్టేటప్పుడు వాలు చూసుకునే కంట్రాక్టరు అదృష్టం కొద్దీ దొరకాలి. మురుగు నిలవకుండా తన మట్టిని తానే తోసుకుపోవాలంటే సెకనుకు సుమారు రెండడుగుల వేగంతో పారాలి. అంత వాలు లేని కాలువ కాలువ కాదు, పొడుగాటి గుంత.

ఇప్పుడు తక్కువ వాన సంగతి. కోస్తాలో అయితే వానలు పదేపదే పడి కాలువను కొంత కడిగిపోతాయి. ఇక్కడ ఏడాదిలో పది నెలలు మోరిలో పారేది చేతివేలంత సన్నటి ధార. దానికి మట్టిని తోసే బలం లేదు. మట్టి దిగుతుంది, ఎండకు గట్టిపడుతుంది, దాని మీద ప్లాస్టిక్ కవర్లు, గుట్కా పొట్లాలు, షాంపూ పొట్లాలు పేరుకుంటాయి. మొద్దుబారిన ఆ కాలువ మీద సెప్టెంబరులోనో అక్టోబరులోనో ఒక్క రాత్రిలో పది సెంటీమీటర్ల వాన కురుస్తుంది. కాలువలో చోటే లేదు, నీళ్ళు ఇళ్ళలోకి పోతాయి. తెల్లారి పత్రికల్లో వరుణుడి ఆగ్రహం అని వస్తుంది. వరుణుడికి ఈ పాపంలో భాగం చాలా తక్కువ.

ఎవరి భాగం ఎంత? ఏ ఊరి వీధిలోనైనా నిలబడి చూస్తే చాలు. ఇంటి ముందు మోరి మీద కడప బండలు పరిచి, సందుల్లో సిమెంటు పూసి, దాని మీద అరుగు కట్టుకుంటారు, మోటారు సైకిలు పెట్టుకుంటారు. బండ ఎత్తడానికి వీలుండదు కాబట్టి లోపల ఏం జరుగుతోందో కనబడదు. మూసుకుపోయిన రోజు చేయి చాచి, కొన్నిసార్లు పడుకుని తీయాల్సింది ఇంకొకరు. ఇల్లు కట్టేవాళ్ళు ఇసుక కుప్ప వీధిలో పోస్తారు, మొదటి వానకు సగం మోరిలో ఉంటుంది. జాలాడి తూముకు రూపాయల్లో వచ్చే ఇనుప జాలీ కూడా పెట్టరు. పెట్టినా, అడ్డం పడిన మెతుకులూ వెంట్రుకలూ తీయడం చేతకాక జాలీనే పీకేస్తారు.

ఇంటి నీళ్ళు వీధి కాలువలో పడేచోట అడుగున్నర లోతు చిన్న గుంత కట్టి, ఎత్తడానికి వీలుగా పైన బండ పెడితే మట్టి అక్కడే దిగుతుంది. వారానికొకసారి ఇంటివాళ్ళే ఎత్తి చెట్టు మొదట్లో వేసుకోవచ్చు. మిద్దె మీది వాననీళ్ళను మోరిలోకి వదలకుండా ఇంకుడు గుంతలోకి తిప్పితే కాలువ మీద బరువు తగ్గుతుంది, బోరులోకి నీళ్ళు వస్తాయి. వీధి మోరి పూడిక ఏడాదికి రెండుసార్లు తీయాలి, మే చివరలో ఒకసారి, ఆగస్టు చివరలో ఒకసారి. తీసిన పూడికను గట్టు మీద వదిలేయకుండా అదే రోజు ఎత్తేయాలి. చాలాచోట్ల గట్టు మీదే వదిలేస్తారు, తర్వాతి వానకు మొత్తం మళ్ళీ లోపలికి పోతుంది, మళ్ళీ అదే మనిషి దిగుతాడు. ఇందులో ఇంజనీరింగు ఏమీ లేదు. నీరుగంటి తన చెరువుకు తరతరాలుగా చేసిన పనిని ఇంటివాడు తన గడప ముందు చేసుకోవాలి, అంతే. చేయడు, ఎందుకంటే చేసేవాళ్ళు వేరే ఉన్నారని అతనికి పుట్టినప్పటి నుంచి తెలుసు. మురుగు కాలువకు అడ్డుపడింది ప్లాస్టిక్ కవరు కంటే ముందు ఈ ధీమా.

చాలా ఊళ్ళలో మాలవాడ, మాదిగవాడ పల్లంలో ఉంటాయి. ఊరి మోరీలన్నీ చివరకు తేలేది అక్కడే. ఊరివాళ్ళు కాలువ కట్టించుకున్నారంటే చాలాసార్లు దాని అర్థం తమ నీళ్ళు వాడ దాకా వేగంగా పోయే ఏర్పాటు చేసుకున్నారని. వాడ దగ్గర కాలువ ఆగిపోతుంది, నిధులు కూడా అక్కడే ఆగిపోతాయి. దోమలు, జ్వరాలు అక్కడ మొదలవుతాయి. అప్పుడు వాడవాళ్ళకు శుభ్రత తెలియదంటారు.

కారంచేడును ఈ కోణంలో కూడా చదవాలి. 1985 జూలై 16న మాదిగలు తాగే నీళ్ళ చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెల కుడితి బకెట్లు కడిగి ఆ మురికి చెరువులో కలుపుతుంటే కత్తి చంద్రయ్య వద్దన్నాడు. అతన్ని కొట్టబోతే మున్నంగి సువార్త నీళ్ళ బిందె ఎత్తి అడ్డుపడింది. మర్నాడు మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. దళిత మహాసభ పుట్టుకకు దారితీసిన ఆ ఘటనను భూమి, ఆత్మగౌరవం, రాజకీయాధికారం వైపు నుంచి మనం చాలా చర్చించాం, చర్చించాల్సిందే. దాని మొదటి నిమిషంలో ఉన్నది మాత్రం ఒక మురుగునీటి తగాదా. మీ మురికి మా తాగే నీళ్ళలోకి ఎందుకు రావాలి అన్న ప్రశ్న. ఆ ప్రశ్న కారంచేడు కంటే ముందూ ఉంది, ఆ తర్వాతా ప్రతి పల్లం వాడలో ఉంది.

పట్టణాలకొస్తే హిందూపురం 1920లో మునిసిపాలిటీ అయ్యింది. ధర్మవరం, కదిరి 1964లో అయ్యాయి. తోటి పని పట్టణానికి వచ్చి మునిసిపల్ ఉద్యోగం అయ్యింది. కోస్తాలో ఈ పనికి రెల్లి కులస్తులను, హైదరాబాదులో మెహతర్లను, మన వైపు మాదిగలను పెట్టారు. ఏ నోటిఫికేషనులోనూ కులం రాయలేదు, రాయాల్సిన అవసరం రాలేదు. రిజర్వేషన్ల మీద పత్రికల్లో పుంఖానుపుంఖాలుగా రాసే మేధావులు ఈ నూటికి నూరు రిజర్వేషన్ మీద ఒక్క వ్యాసం రాయరు. మనిషి చేసే పనిని బట్టి కాక పుట్టుకను బట్టే ఈ దేశంలో పాకీవాడవుతాడని అంబేద్కర్ దశాబ్దాల కిందటే చెప్పాడు. తర్వాత ఆ ఉద్యోగం పర్మనెంటు నుంచి కాంట్రాక్టుకు, ఆ పైన ఔట్‌సోర్సింగుకు జారింది. మునిసిపల్ పారిశుధ్యాన్ని టెండర్లకు ఇచ్చే 279 జీవో మీద కార్మికులు పోరాడారు. 2020లో ఆప్కాస్ పేరుతో ప్రభుత్వమే ఔట్‌సోర్సింగు సంస్థ పెట్టింది. 2023 డిసెంబరు 26 నుంచి రాష్ట్రమంతా మునిసిపల్ కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. ఆ రోజుల్లో వీధుల్లో కుప్పలు చూసి ముక్కు మూసుకున్నవాళ్ళలో ఎంతమంది తమ ఇంటి ముందు మోరి తామే తీసుకున్నారు?

పల్లెల్లో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం మురుగు కాలువలు కట్టడం, మురుగునీటిని పంపించడం, వీధులు ఊడ్పించడం పంచాయతీ విధిగా చేయాల్సిన పనుల్లో చేర్చింది. విధి పంచాయతీది, చేయి మాదిగది.

కార్యకర్తలు ఎక్కువగా పట్టుకోవాల్సింది 2013 చట్టాన్ని. 1993 చట్టం పొడి మరుగుదొడ్ల వరకే చూసింది. 2013 డిసెంబరు 6 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం దానికంటే ముందుకు పోయింది. మరుగుదొడ్డి నుంచి మలం కుళ్ళి మట్టి కాకముందే తెరిచి ఉన్న కాలువలోకి వచ్చి, దాన్ని మనిషి చేత్తో తీయాల్సివస్తే అది కూడా నిషేధించిన పాకీ పనే. అట్లాంటి మరుగుదొడ్డిని సొంత ఖర్చుతో తీసేయాల్సిన బాధ్యత ఇంటివాళ్ళది. మొదటిసారి తప్పుకు ఏడాది దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా. ఇప్పుడు మన ఊళ్ళు చూడండి. 2014 తర్వాత పోటీపడి కట్టిన మరుగుదొడ్లలో గుంత సరిగా తవ్వకుండా గొట్టం నేరుగా మోరిలోకి వదిలినవి ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఆ ఒక్క గొట్టంతో వీధి మోరి తీసే పని సఫాయి పని అయిపోయింది. చట్టం ప్రకారం అక్కడ నేరస్థుడు ఇంటి యజమాని. అయితే కాలనీలో గొట్టాలు లెక్కపెట్టి తహసీల్దారుకో పంచాయతీకో అర్జీ పెట్టిన ఊళ్ళు ఎన్ని? చేతికి తొడుగు ఇచ్చాం, అందువల్ల ఇది పాకీ పని కాదు అని తప్పించుకోవడానికి అదే చట్టంలో ఒక సందు ఉంది. ఆ సందును కూడా ప్రశ్నించాలి.

మూసిన చోట ఊరిన మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది, ఎక్కువైతే ముక్కు ఆ వాసనను పట్టలేదు, కంపు పోయింది కదా అని దిగినవాడు కూలిపోతాడు. కాపాడబోయి దిగినవాడూ పోతాడు. 2018 ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర ఒక కోళ్ళ పరిశ్రమ ట్యాంకులో ఏడుగురు ఇట్లాగే పోయారు. కోలారు బంగారు గనుల్లో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ నిలబెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు పోయింది. 1993 నుంచి మురుగులో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 2023 అక్టోబరు 20న ఇంకో కేసులో కోర్టు దాన్ని 30 లక్షలు చేసింది. చావుకు వెల పెరిగింది, దిగకుండా చేసే యంత్రాలు మాత్రం చిన్న పట్టణాల దాకా ఇంకా సరిగా రాలేదు.

2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి ఒడ్డున ఉన్న కాలనీలు మునిగాయి. అది నిజానికి వంక, పైచెరువుల మరవ నీళ్ళు పారే దారి. పట్టణం దాన్ని మురుగు కాలువ చేసింది, తర్వాత ఇరుకు చేసింది, ఆ పైన పేదవాళ్ళకు దాని ఒడ్డు తప్ప ఇంకో చోటు మిగల్చలేదు. మునిగాక ఆక్రమణదారులు అన్న పేరు మాత్రం వాళ్ళకే వచ్చింది. వంక పైభాగాన దారి మూసిన వెంచర్లకు, కల్యాణమండపాలకు ఆ పేరు రాదు. పైచెరువు మరవ పారితే ఎంతసేపట్లో నీళ్ళు ఊళ్ళోకి దిగుతాయో పాత నీరుగంటి చెప్పగలడు. అతన్ని పిలిచి అడిగే పద్ధతి ఎప్పుడో పోయింది. 1956 ఇనాం రద్దు చట్టం, 1984లో గ్రామాధికారుల రద్దు, బోర్లు వచ్చి చెరువులు ఎండిపోవడం - వీటి మధ్య నీరుగంటి పని పోయింది, మేర పోయింది. అదే కుటుంబాల పిల్లలు కొందరు ఇప్పుడు పంచాయతీ చెత్తబండి తోస్తున్నారు. నీళ్ళను నడిపించిన చేతుల్లోకి మురుగు వచ్చింది. దీన్ని ఉపాధి మార్పు అని రాసుకునే ఆర్థికవేత్తలు ఉండొచ్చు.

నల్లమాడ, బుక్కపట్నం, కొత్తచెరువు వైపు నీరుగంటి పని చేసిన తరంలో కొందరు ముసలివాళ్ళు ఇంకా ఉంటారు. విద్యార్థులు, ఉపాధ్యాయులు వాళ్ళ దగ్గర కూర్చోవాలి. ఏ చెరువుకు ఎంత మేర వచ్చేది, ఇనాం భూమి పట్టా చివరకు ఎవరి పేరున తేలింది, ఊరి వాననీళ్ళు ఏ దారిన వంకకు పోయేవి, ఆ దారి మీద ఇప్పుడు ఎవరి ఇల్లు ఉంది, మోరి తీయమని మొదటిసారి ఎవరు ఎవర్ని పిలిచారు, ఆ రోజు ఏమిచ్చారు, డబ్బా సద్దెన్నమా - అడిగి రాసుకోవాలి. పంచాయతీ ఖర్చు రిజిస్టర్లు కూడా తీయించి చూడాలి. పారిశుధ్యం పద్దు కింద మొత్తాలు కనిపిస్తాయి. పక్కన మనుషుల పేర్లు ఏ సంవత్సరం నుంచి ఉన్నాయో చూడాలి.